దండు విడిచిన ఫిడేలు

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఆలాపన మొదలయ్యే తీరే వేరు. కమాను తీగను తాకిన చప్పుడు వినపడదు. నాదం ఏ క్షణాన పుట్టిందో పట్టుకుందామని చెవులు రిక్కించి కూర్చుంటాం. పట్టుకునేలోగా అది నిండుగా ఎదుట నిలబడి ఉంటుంది. షడ్జం అప్పటికే అక్కడ ఉన్నట్టూ, మనమే కాస్త ఆలస్యంగా చేరుకున్నట్టూ అనిపిస్తుంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల గరగర కూడా ఆ నాదాన్ని ఏమీ చేయలేకపోయింది. గరగర పైపైన తన పాటికి తాను ఉంటుంది, ఫిడేలు దాని అడుగున నింపాదిగా సాగిపోతూ ఉంటుంది. ఇంత మెత్తని నాదంలో అంత నిబ్బరం ఎక్కడిది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే నేను చేరింది ఒక సైనిక దండుకు.

ఫిడేలు మన సంగీతంలోకి కోవెల వాకిలి గుండా రాలేదు. సైనికుల బ్యాండు వెంట వచ్చింది. మద్రాసు దగ్గర మణలిలో ముదలియార్ల ఆదరణలో దీక్షితుల కుటుంబం ఉన్న రోజుల్లో, చిన్నయ్య ముదలియారు ఆ అన్నదమ్ముల్ని సెయింట్ జార్జి కోటకు తీసుకెళ్ళి కంపెనీవారి బ్యాండు వినిపించారు. ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలు విని, శంకరాభరణ స్వరాల్లోనే ఉంచి, సంస్కృత సాహిత్యం కూర్చారు. నలభై దాకా ఉన్న ఆ రచనలే నొట్టుస్వర సాహిత్యాలు. ఇంగ్లండు రాజుకు దండం పెట్టే గీతపు బాణీ కూడా వాటిలో ‘సంతతం పాహిమాం’ అయిపోయి, సంగీత శ్యామల ముందు చేతులు జోడించింది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) బాణీతో సరిపెట్టుకోలేదు. వాద్యమే కావాలన్నారు. ఒక యూరోపియన్ దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నారు, తర్వాత ఎట్టయపురం సంస్థానంలో విద్వాంసులయ్యారు. తంజావూరు వడివేలు ఆ వాద్యాన్ని తిరువాన్కూరు దాకా తీసుకెళ్ళారు. స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించారు. ఒక్క తరంలో కోట గోడల లోపలి వాద్యం సంస్థానాల సభల్లో కూర్చుంది.

కవాతులో ఫిడేలుకు చోటు లేదు. అది నడుస్తూ వాయించే వాద్యం కాదు. అక్కడ రాజ్యమంతా ఇత్తడి బాకాలది, క్లారినెట్లది, మెడకు తగిలించుకున్న డోళ్ళది. కానీ ఆ కాలపు రెజిమెంటు బ్యాండుల్లో చాలామందికి రెండు వాద్యాలు వచ్చి ఉండేవి. పొద్దున మైదానంలో క్లారినెట్ ఊదినవాడే రాత్రి దొరల విందులో కమాను పట్టేవాడు. పగటి పని పాదాలను నడిపించడం, రాత్రి పని మనసులను తేలికపరచడం. మన దేశానికి దక్కినది ఆ రాత్రి వాద్యం. అయినా అది పగటి క్రమశిక్షణ ఎరిగిన చేతుల్లోంచి వచ్చిందన్నది మరచిపోకూడదు.

బ్యాండు అందాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. విజయనగరం పక్కన కోరుకొండలో, పి.వి.జి. రాజుగారు ఇచ్చిన ప్యాలెస్‌లో, 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. కవాతు వేళ పెద్ద డోలు మీద మొదటి దెబ్బ పడగానే వరసలో ఉన్న ప్రతి ఎడమకాలూ ఒక్కసారి లేస్తుంది. చూస్తున్నవాడి వెన్ను కూడా దానంతట అదే నిటారవుతుంది. వీరానికి స్థాయి ఉత్సాహమని ఆలంకారికులు చెప్పిన మాటకు ఇంతకంటే కళ్ళెదుటి సాక్ష్యం అక్కర్లేదు. ఆ ఉత్సాహం ఎలా పుడుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. స్వరం కాయితం మీద రాసి ఉన్నంతే, అక్కడినుంచి ఇసుమంత కదలదు. ఎవరి శ్వాసా విడిగా వినిపించకూడదు. వాయించే మనిషి తనను తాను ఎంత పూర్తిగా దాచుకుంటే బ్యాండు అంత బాగుంటుంది. ఇదొక గొప్ప నిగ్రహం. బ్యాండులో జీవితమంతా వాయించి, ఒక్కనాడూ తన ఒక్కడి స్వరం జనానికి వినిపించకుండా విశ్రాంతి తీసుకున్న మనుషులు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ సంగీత చరిత్రలోనూ ఉండవు. వాళ్ళ పని మీద నాకు గౌరవం ఎక్కువే తప్ప తక్కువ కాదు.

అటువంటి లోకపు అంచున పుట్టారు నాయుడుగారు. 1893 నవంబరు 8, దీపావళి పండుగ, బెంగుళూరు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో అధికారి. బాల్యం గడిచింది మాత్రం విశాఖపట్నంలో. అన్నగారు వెంకటకృష్ణయ్యగారే ఫిడేలుకు తొలి గురువు. చూపు మసక, అందువల్ల బడి చదువు సాగలేదు. తండ్రి సైన్యంలో ఉండటం వల్లే కొడుక్కు ఆ కమాను వచ్చిందని అంటే అది తేలిక మాట అవుతుంది. నేను అనను. ఆ కమానులో మాత్రం సైనికుడు మెచ్చే గుణం ఒకటుంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

విజయనగరంలోనూ దండు ఉండేది. కోటకు అవతల మద్రాసు సైన్యపు పదాతి దళం మకాం వేసిన చోటును ఊరివాళ్ళు ఇప్పటికీ కంటోన్మెంటు అనే పిలుస్తారు. ఒక వంక ఆ దండు. ఇంకో వంక వీణ వెంకటరమణదాసుగారి వీణ మోగిన ఆస్థానం. కాస్త ఎడంగా బొబ్బిలి, అక్కడ గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే సర్వసిద్ధివారి ఇళ్ళు. ఈ మూడింటి నడుమ 1919 ఫిబ్రవరి 5న విజయరామ గజపతిరాజుగారు సంగీత పాఠశాల తెరిచారు. ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారి కొడుకు గంగబాబుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ ఒక్క పిల్లవాడి కోసం మొదలైన ఆలోచన ఊరందరి పిల్లలకూ బడి అయింది. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ఆ ఏడే ఇరవయ్యారేళ్ళ వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగా చేరారు. విద్యార్థిగా చేరదామని వచ్చినవాణ్ణి విని, దాసుగారు పాఠం చెప్పే గద్దె మీదే కూర్చోబెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. 1936లో దాసుగారి తర్వాత అధ్యక్ష పదవీ ఆయనదే అయింది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు చదువుకున్నది ఆ బడిలో, ఆయన ఏలుబడిలో. సాలూరు రాజేశ్వరరావుగారి తండ్రి సన్యాసిరాజుగారు ఆయన ఫిడేలుకు మృదంగం పట్టారు. ఉత్తరాంధ్ర నుంచి తెలుగు సినిమాకు వెళ్ళిన మాధుర్యంలో ఈ ఫిడేలు పాలు ఎంతో లెక్క కట్టలేం గానీ, అది లేదని మాత్రం ఎవరూ అనరు.

ఇక రసం దగ్గరికి వస్తాను.

యూరోపియన్ నిలబడి, ఫిడేలును గడ్డం కింద బిగించి వాయిస్తాడు. మనవాళ్ళు దాన్ని కింద కూర్చోబెట్టారు. బాసింపట్టు వేసుకుని, కుడిపాదాన్ని కాస్త ముందుకు చాచి, ఫిడేలు తలను ఆ మడమ దగ్గర ఆనించి, రెండో కొసను ఛాతీకి తగిలిస్తారు. చూడటానికి చిన్న మార్పు. సంగీతానికి మాత్రం ఇదొక జన్మాంతరం. కవాతులో పాదం స్వరానికి దాసి: డోలు చెబుతుంది, కాలు కదులుతుంది. ఇక్కడ పాదం కదలడం మానేసి వాద్యానికి ఆధారమైంది. కుడికాలు కదిలితే ఫిడేలు జారుతుంది, కనుక గంటల తరబడి ఆ పాదం నిశ్చలంగా ఉండాల్సిందే. పాదాలను నడిపించిన లోకం నుంచి వచ్చిన వాద్యం, కదలని పాదం మీద తల ఆనించింది.

ఇందువల్ల ఎడమచేతికి మోత తప్పింది. ఫిడేలును పట్టుకుని ఉండాల్సిన పని లేకపోయేసరికి చేయి స్థానం నుంచి స్థానానికి స్వేచ్ఛగా జారగలిగింది. జారు, కంపితం, అనుస్వరం, అన్నీ ఆ స్వేచ్ఛలోంచే పుట్టాయి. బ్యాండువాళ్ళు వాయించిన ఏడు స్వరాలే శంకరాభరణంలోనూ ఉన్నాయి. కానీ బ్యాండులో మధ్యమం తన గీత మీద కదలకుండా నిలబడుతుంది, శంకరాభరణంలో అది ఊగుతుంది. నిషాదం పై షడ్జం వంక చేయి చాచి, అందుకున్నట్టే అందుకుని, వెనక్కి తగ్గుతుంది. ఇంత కదలిక మధ్య గాంధారం ఒక్కటి అప్పుడప్పుడూ కదలకుండా, తేటగా నిలుస్తుంది. నాయుడుగారి వాదనలో నాకు అత్యంత ప్రీతికరమైన ఘట్టాలు ఇటువంటివే. ఏ రాగమైనా సరే, చుట్టూ స్వరాలన్నీ ఊగుతూ ఉండగా ఆయన ఒక స్వరాన్ని కంపం లేకుండా ఆపుతారు. ఆ ఆపడంలో కోట బ్యాండు నాటి నిక్కచ్చితనం ఎక్కడో మిగిలి ఉందని నాకనిపిస్తుంది. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా నిలవని స్వరం అది. గమకం చాటున దాక్కునే వీలు అక్కడ లేదు.

కుడిచేతి సంగతి ఇంకా పెద్దది. ఫిడేలు మన దగ్గర చాలాకాలం పక్కవాద్యంగానే బతికింది. పాడేవారి వెంట నీడలా నడవడం దాని పని. నీడకు పెద్ద గొంతు అక్కర్లేదు గనక పొట్టి పొట్టి కమానులతో, సంగతిని ముక్కలుగా అందుకుంటూ చాలామంది గడిపేశారు. నాయుడుగారు కమాను మొత్తం వాడారు. మడమ నుంచి మొన దాకా, మళ్ళీ మొన నుంచి మడమ దాకా, గుర్రపు వెంట్రుకల నిడివి అంతా తీగ మీద నుంచి నెమ్మదిగా దాటించేవారు. ఒక్క కమానులో ఎన్ని స్వరాలు ఇముడుతాయో అన్నీ ఇమిడ్చేవారు. మలుపు దగ్గర, అంటే కమాను దిశ మారే క్షణంలో, మామూలు చేతిలో చిన్న తెగుడు వినిపిస్తుంది. ఆయన చేతిలో మలుపు ఎక్కడుందో చెవికి అందదు. యూరోపియన్ విద్వాంసుల రికార్డులను, ముఖ్యంగా ఫ్రిట్జ్ క్రైస్లర్ వాదనను, ఆయన శ్రద్ధగా విన్నారు. కమాను రహస్యం వాళ్ళ దగ్గర ఉందని ఒప్పుకోవడానికి ఆయనకు నామోషీ లేదు. అయితే తెచ్చుకున్నది కమానును మాత్రమే. బాణీ తెచ్చుకోలేదు, అలంకారం తెచ్చుకోలేదు.

ఆ కమానులో సైనికుడు మెచ్చే గుణం ఉందన్నాను. అది పొదుపు. చేతిలో ఉన్న బలం అంతా చూపించకపోవడం. తారస్థాయికి ఎక్కేటప్పుడు నాదం పెరుగుతుంది, ఇంకా పెరగబోతుంది, ఇప్పుడు విజృంభిస్తారని మనం ముందుకు వంగుతాం. సరిగ్గా అక్కడ, పాలు గిన్నె అంచుదాకా పొంగి పొర్లకుండా నిలిచినట్టు, నాదం నిలిచిపోతుంది. పొర్లడం చేతకాక నిలిచింది కాదు. ఆ నిలుపులో ఎంత శక్తి దాగి ఉందో తీగకు తెలుసు, కమానుకు తెలుసు, వినేవాడి గుండెకూ తెలుస్తుంది. గట్టిగా వాయించి సభను గెలుచుకోవడం ఆయన మార్గం కాదు. వినేవాళ్ళే తమ గొంతులు తగ్గించుకుని ఆయన దగ్గరికి రావాలి.

అందుకే ఆయన సంగీతాన్ని కరుణ అనో, శృంగారం అనో ఒక గదిలో పెట్టడం నాకు నచ్చదు. నా తీర్మానం ఒకటే: వీరం అడుగున ఉండి శాంతం పైకి తేలిన నాదం అది. శాంతానికి రసత్వం ఉందా లేదా అని పెద్దలు వాదించుకున్నారు. స్థాయి నిర్వేదమా, శమమా అని కూడా వాదించుకున్నారు. నాయుడుగారి ఫిడేలు విన్నవాడికి ఆ వాదంలో ఒక పక్షం తీసుకోక తప్పదు. అలసట వల్ల వచ్చిన శాంతం వేరు. చేతిలో ఆయుధం ఉండి, దాన్ని ఒరలో ఉంచుకున్నవాడి శాంతం వేరు. రెండోది విరాగం కాదు, ఉత్సాహానికి పరిపాకం. కవాతు బ్యాండు ఉత్సాహాన్ని పుట్టించి పాదాలకు అప్పగిస్తుంది, పాదాలు దాన్ని మైదానంలో ఖర్చు చేస్తాయి. ఇక్కడ ఆ ఉత్సాహం ఖర్చు కాదు, వినేవాడిలో నిలవ ఉండిపోతుంది. కచేరీ అయిపోయాక వెంటనే మాట్లాడాలనిపించకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

దండు నుంచి మన జిల్లాలకు ఇంకో దారినా సంగీతం వచ్చింది. దాన్ని చెప్పకుండా ఈ వ్యాసం పూర్తయిందనలేను. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెళ్ళి ఊరేగింపుల ముందు నడిచే బ్యాండు మేళం ఉంది కదా, భుజకీర్తులున్న ఎర్ర కోటు దగ్గర నుంచి పక్కన మోగే చిన్న డోలు దాకా దాని వేషమంతా సైన్యానిదే. కానీ ముందు నడిచే క్లారినెట్ మనిషిని దగ్గరగా గమనించండి. వాయించబోయే ముందు రెల్లు పలకను నోట్లో పెట్టుకుని తడుపుతాడు. రెండు మూడు స్వరాలు ఊది చూస్తాడు, బిగింపు సర్దుకుంటాడు. ఆ తర్వాత మీటలున్న ఆ ఇంగ్లీషు వాద్యంలోంచి సినిమా పాట లేస్తుంది. పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి రెల్లు మీద పెదవి ఒత్తిడి మార్చి, వేలు సగం తెరిచి, స్వరాన్ని ఒంచుతాడు. మీటలు పెట్టి బిగించిన వాద్యంలో జారు పుట్టించడం తేలికైన విద్య కాదు. ఏ బ్యాండు మాస్టరూ నేర్పని ఆ వంపును అతను సన్నాయి వినే చెవితో సంపాదించుకున్నాడు. వెనక డోళ్ళు మాత్రం కవాతు దెబ్బే వేస్తుంటాయి. కింద కవాతు, పైన గమకం. ఈ రెండూ ఒకే వీధిలో, పెట్రోమాక్సు లైట్ల వెలుగులో కలిసి నడిచిన రాత్రులు మన ఊళ్ళలో ఎన్నో. నాయుడుగారు కచేరీ వేదిక మీద పూర్తి చేసిన పనినే ఆ క్లారినెట్ మనిషి వీధిలో తన శక్తి కొద్దీ చేస్తున్నాడు. స్థాయిలో తేడా ఉంది, దిశలో లేదు.

పక్కవాద్యాన్ని నాయుడుగారు ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ఆయన కాలపు పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించారు. కానీ ఫిడేలుకు తన మాట తానే చెప్పుకునే గొంతు ఉందని ఆయనకు రూఢి. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. ఈనాడు ఏ సభలోనైనా ఒంటరి ఫిడేలు కచేరీ మామూలు విషయం. ఆనాడు ఎంత సాహసమో ఊహించండి. పాడే గొంతు లేదు, సాహిత్యం వినపడదు. మాటలు లేని రాగాన్ని గంటల తరబడి సభ ముందు పెట్టి, ఇది చాలు అనడం. చాలిందని జనం ఒప్పుకున్నారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చింది, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. ఊరివాళ్ళకు మాత్రం చివరిదాకా ఫిడేలు నాయుడుగారే. బిరుదులన్నిటి కంటే అదే నాకు ఇష్టం.

1952లో యెహూది మెనూహిన్ మన దేశానికి వచ్చారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ముగ్ధులయ్యారు. మెనూహిన్ అప్పటికే ప్రపంచమంతా తలవంచిన వయొలినిస్టు. నాకు ఆ సభలో ఉన్నవాళ్ళ మీద అసూయ కలుగుతుంది. కోట బ్యాండు విని బాలుస్వామి దీక్షితులు చేయి చాచి అడిగిన వాద్యం, నూటయాభై ఏళ్ళ తర్వాత అదే మద్రాసులో, పడమటి మనిషి ఎదుట కూర్చుంది. ఈసారి వినడం ఆయన వంతు. కమాను ఆయనకు కొత్త కాదు, ఆ పొడవు, ఆ శుభ్రత ఆయన లోకానివే. ఎడమచేయి మాత్రం ఎన్నడూ ఎరగని దారుల్లో నడుస్తూ ఉండి ఉంటుంది. రెండు స్వరాల మధ్య ఉన్నదాన్ని స్వరం కంటే ఎక్కువగా ప్రేమించే సంగీతం ఆయన ముందు మెల్లగా విప్పుకుని ఉంటుంది. మరుగుపడిపోయిన రికార్డింగుల జాబితా ఎంత పొడవైనా, ఆ ఒక్క సాయంత్రం ఎవరూ పట్టి దాచకపోయి ఉంటే అదే అన్నిటికంటే పెద్ద నష్టం.

నాయుడుగారు 1964 నవంబరు 25న వెళ్ళిపోయారు. కుమార్తె మంగతాయారుగారు, కుటుంబంలోని ఇతర విద్వాంసులు, విజయనగరంలో ఆయన దగ్గర కమాను పట్టడం నేర్చుకున్న శిష్యులు ఆ బాణీని ముందుకు నడిపారు. ఆయన రికార్డులు ఈనాడు సులువుగా దొరుకుతున్నాయి. కొత్తగా వినేవారికి ఒక్క మాట: కీర్తన దగ్గర మొదలుపెట్టకండి. కీర్తనలో తాళం ఉంటుంది, మన పాదం దాన్ని అందుకుని తనకు తెలియకుండానే నడక మొదలుపెడుతుంది. ముందు ఆలాపన వినండి. ఒక్కో పక్కన మూడు నిమిషాల చిల్లర మాత్రమే దొరికిన ఆ రికార్డుల్లో కూడా ఆయన రాగానికి తొందర పెట్టలేదు. మొదటిసారి కుడిచేయిని మాత్రమే అనుసరించండి, కమాను ఎక్కడ తిరిగిందో కనిపెట్టడానికి ప్రయత్నించండి. రెండోసారి ఎడమచేయిని వినండి, అన్నీ ఊగుతున్న చోట ఏ స్వరం కదలకుండా ఆగిందో చూడండి. మూడోసారికి మీకు ఎవరి సలహా అక్కర్లేదు.